ఐదు సొరుగుల బీరువా

97వ సంవత్సరం, 41వ రోజు

పొద్దున్నే బూజు తొట్టి కడిగాను. తొట్టిలో పెరిగే బూజుకు పెద్దవాళ్ళు ఏదో పొడుగాటి లాటిన్ పేరు పెట్టారు గానీ, మా అమ్మ ఈ పని చేసే రోజుల నుంచీ మేం దాన్ని బూజమ్మ అనే అంటున్నాం. బూజమ్మకు చక్కెర పాకం పోసి, గాలి ఊది, వెచ్చగా ఉంచితే ఆరో రోజుకల్లా మందు ముడిసరుకు ఇస్తుంది. దానికి ఒక తోక తగిలిస్తే ఒక మందు, ఇంకో తోక తగిలిస్తే ఇంకో మందు. ఒకే పిండితో ఇడ్లీ, అట్టు, ఊతప్పం వేసుకున్నట్టు. వీటన్నిటినీ కలిపి సెఫలోస్పోరిన్లు అంటారు. కనిపెట్టిన వరసను బట్టి ఐదు తరాలు. నా మందుల బీరువాలో ఐదు సొరుగులు.

కోరంగి అనే మా అంతరిక్ష ఓడలో మనుషులు కూడా ఐదు తరాలే. భూమి మీద ఓడ ఎక్కినవాళ్ళు మొదటి తరం. వాళ్ళ పిల్లలు రెండు, అలా కిందికి. ఇక్కడ నూట ఇరవై ఏళ్ళు బతకడం మామూలే కాబట్టి ఐదు తరాలూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మొదటి తరంలో మాత్రం నూకరత్నం మామ్మ ఒక్కతే మిగిలింది. నేను, అంటే ఈ దినచర్య రాస్తున్న కాంతామణి, నాలుగో తరం.

మందుల తరాలకూ మనుషుల తరాలకూ ఏ సంబంధమూ లేదు. ఈ మాట ఇవాళ మా ఓడ సభాధ్యక్షుడు వాసుదేవమూర్తి గారికి మూడుసార్లు చెప్పాను.

ఆయన పదిగంటలకు పీతలాగా పక్కకి నడుస్తూ వచ్చారు. కుర్చీ చూపిస్తే వద్దన్నారు. డాక్టర్ వీర్రాఘవులు గారు తెర వెనక్కి తీసుకెళ్ళి చూసి బయటికొచ్చి, "సెగ్గడ్డండి. కూర్చునే చోట. ఇంతుంది," అని నిమ్మకాయంత చూపించారు. మొదటి సొరుగులోంచి సెఫలెక్సిన్ గొట్టం మాత్రలు ఇమ్మన్నారు.

వాసుదేవమూర్తి గారు సీసా మీద అంటించిన చీటీ చదివారు. "మొదటి తరమా? ఇదేంటండీ కాంతామణి గారూ? మా ముత్తవ్వ కాలం నాటి మందు నాకిస్తారా?"

"చర్మం మీద చీము గడ్డలకి ఇదే సరైందండి. పాతది గానీ పనిలో దిట్ట."

"ఐదో తరం ఉంది కదండీ బీరువాలో. అదివ్వండి. సభాధ్యక్షుణ్ణి కదా!"

"ఐదోది వేరేదేనికీ లొంగని మొండి చీము క్రిమికండి. మీ గడ్డకి అంత మొండితనం లేదు."

"మా గడ్డంటే మీకంత చులకనా?" అన్నారాయన. సీసా జేబులో వేసుకుని, మళ్ళీ పక్కకే నడుస్తూ వెళ్ళిపోయారు.

44వ రోజు

ఆయన ఒక్క గొట్టం కూడా మింగలేదు. ఆ సంగతి వాళ్ళమ్మాయి హిరణ్మయి చెప్పింది. నిండు నెలల మనిషి, ఆయాసపడుతూ మెట్లు దిగొచ్చి మరీ చెప్పింది. "సీసా తీసికెళ్ళి పూలకుండీలో పాతేశారు పిన్నీ. అడిగితే మొక్కకి జొరమొచ్చిందంటున్నారు."

గడ్డ ఇప్పుడు నారింజపండంత అయింది. వాసుదేవమూర్తి గారికి జ్వరం కూడా తగిలింది. డాక్టర్ గారు గడ్డ కోసి చీము తీశారు. ఆ కేకలకు పై అంతస్తులో బడి ఒక గంట ఆపేశారు. ఇంతైనా ఆయన మొదటి తరం మందు ముట్టనంటే ముట్టనన్నారు. ఐదో తరం ఎలాగూ ఇవ్వం కాబట్టి చివరికి బేరం నాలుగో తరం దగ్గర ఆగింది. "నేను నాలుగో తరంవాణ్ణి. నా తరం మందు నాకివ్వండి. అందులో తప్పేంటి?" అన్నారు.

నాలుగో సొరుగులో ఉన్నది సెఫిపైమ్. ఆస్పత్రి మంచాల దగ్గరే పుట్టి, అక్కడే ముదిరిపోయిన మొండి సూక్ష్మజీవులకు, ఒంట్లో తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చినవాళ్ళకు దాచుకునే మందు. అది సెగ్గడ్డ క్రిములనూ చంపుతుంది, కాదనను. పేడ ఎత్తడానికి క్రేను తెచ్చినట్టు ఉంటుంది, అంతే. డాక్టర్ గారు నీరసంగా తలూపారు. ఆయన మంచి వైద్యుడు గానీ, ఎవరైనా గొంతు పెంచితే తల దానంతటదే ఊగుతుంది.

47వ రోజు

గడ్డ తగ్గింది. కోసి చీము తీయడం వల్ల తగ్గిందని ఎవరూ అనుకోవడం లేదు. "నా తరం మందు నాకు పట్టింది" అని వాసుదేవమూర్తి గారు ఓడంతా చెప్పుకుని తిరుగుతున్నారు.

సాయంత్రం సభలో తీర్మానం పెట్టారు. ఏ తరం మనిషికి ఆ తరం మందు. ఏకగ్రీవం. ఐదో తరం పిల్లల తల్లిదండ్రులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొత్త మందు తమ పిల్లల పాలైందని వాళ్ళ సంతోషం. నేను లేచి, "తరం అంటే హోదా కాదండీ, ఏ తాళానికి ఏ చెవి అన్నదే లెక్క," అని చెప్పబోయాను. వెనక నుంచి ఎవరో "కూర్చో కాంతామణీ, కాఫీ చల్లారిపోతోంది" అన్నారు.

బీరువాకు కొత్త తాళం బిగించారు. రోగి చేతి కడియం చూపిస్తే, ఓడ జనాభా పట్టికలో వాళ్ళ తరం ఏదో చూసి ఆ సొరుగు ఒక్కటే తెరుచుకుంటుంది. ఒంట్లో బాగున్నవాళ్ళ కడియానికి తాళం పలకదు. బీరువా ఓడ తొడుగు చేసిన లోహంతోనే చేశారు. సుత్తితో కొడితే సుత్తే విరుగుతుంది. (కొట్టి చూశాను.)

ఈ లెక్కన మొదటి సొరుగులో ఉన్న నాలుగు వేల గొట్టాలూ, ఆరు వందల ఇంజెక్షన్లూ నూకరత్నం మామ్మ ఒక్కదానివే. వెళ్ళి చెప్తే మామ్మ నవ్వింది. "నాలుగు వేలా! పప్పులో వేసుకు తిననా ఏంటే?"

49వ రోజు

తలుపు తీసేసరికి యాభై మంది. ఐదో తరం పిల్లలందరికీ జలుబు. జలుబుకు ఏ తరం మందూ పనిచేయదు, అది వైరస్. ఇదే మాట యాభైసార్లు చెప్పి, యాభై మందికీ ఆవిరి పట్టమని చెప్పి పంపాను. ఒకావిడ "మా వాడికి ఐదో తరం మందు ఇవ్వకపోతే పోనీ, వాసనైనా చూపించండి" అంది.

తొంభై ఐదేళ్ళ రెండో తరం పెద్దాయన ఒకాయన చెవిపోటుతో వచ్చారు. చెవిలోనూ, ముక్కు పక్క గదుల్లోనూ, గొంతులోనూ పట్టే చీముకి రెండో తరం సెఫురాక్సిమ్ బాగానే సరిపోతుంది. జబ్బూ తీర్మానమూ ఒకే దారిన నడిచిన కేసు ఇప్పటికి ఇదొక్కటే. నాకు సంతోషంతో కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన నాకే చెవిపోటు వచ్చిందనుకుని తన మందులో సగం ఇవ్వబోయారు.

55వ రోజు

ఇవాళ ఓడ బయల్దేరిన రోజు పండగ. జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

నాలుగు రోజుల కింద మూడో తరం వాళ్ళ భోజనశాలలో గోంగూర పచ్చడి పాడై, పంతొమ్మిది మందికి కడుపు కదిలింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగితే రెండు రోజుల్లో సర్దుకునే జబ్బు. కానీ "మా తరం మందు మాక్కావాలి" అని పంతొమ్మిది మందీ వచ్చి కూర్చున్నారు. మూడో సొరుగులో రెండు మందులున్నాయి. సెఫ్‌ట్రయాక్సోన్ ప్రాణం మీదికి వచ్చే జబ్బులకు కావాలి కాబట్టి డాక్టర్ గారు దాన్ని దాచి, సెఫోపెరజోన్ ఇంజెక్షన్లు వేశారు. డాక్టర్ గారూ మూడో తరమే, అదే పచ్చడి తిన్నారు. భార్య పోరు పడలేక తనూ ఒకటి వేయించుకున్నారు. నిన్న పొద్దున్న ఆఖరి మోతాదు అయింది.

సెఫోపెరజోన్ తోకకు ఒక చెడ్డ గుణం ఉంది. అది ఒంట్లో ఉండగా సారా చుక్క పడితే కాలేయం ఆ సారాను పూర్తిగా అరిగించలేదు. సగంలో ఆగిపోయిన విషం ఒళ్ళంతా తిరుగుతుంది. ఈ సంగతి చీటీల మీద రాసి పంతొమ్మిది మందికీ ఇచ్చాను. ఎవరూ చదవలేదు.

పండగ విందులో అందరికీ బీట్‌రూట్ కల్లు పోశారు. వాసుదేవమూర్తి గారు గ్లాసు పైకెత్తి ఉపన్యాసం మొదలుపెట్టారు. పది నిమిషాలకు మూడో తరం బల్ల మొత్తం ఎర్రబడింది. మెడలు ఎర్రన, చెవులు ఎర్రన, బట్టతలలు నిగనిగలాడే ఎర్రన. ఒకరి తర్వాత ఒకరు లేచి కక్కుకోవడానికి పరిగెత్తారు. "కల్లులో రంగు ఎక్కువేశార్రా!" అని ఎవరో అరిచారు. ఇంకెవరో "అంటురోగం, తలుపులు మూసేయండి!" అన్నారు. మూసేశారు. దాంతో కక్కేవాళ్ళు కూడా లోపలే ఉండిపోయారు.

డాక్టర్ వీర్రాఘవులు గారు టమాటా పండులా బల్ల మీద వాలి, గుండె పట్టుకుని, మధ్యమధ్యలో బకెట్టులోకి వంగుతూ నాతో అన్నారు: "కాంతామణీ... ఇది... నాకు తెలుసు... చదువుకునేప్పుడు పరీక్షలో... పదిమార్కుల ప్రశ్న..."

"తెలిసీ తాగారా డాక్టర్ గారూ?"

"ఆ ప్రశ్న... వదిలేశానమ్మా..."

అందరినీ పడుకోబెట్టి నీళ్ళు ఎక్కించాం. సాయంత్రానికి రంగు దిగింది. ఎవరికీ ప్రమాదం జరగలేదు. వాసుదేవమూర్తి గారు మాత్రం ఉపన్యాసం మొదటి నుంచి మళ్ళీ చదివారు.

58వ రోజు

ఇవాళ నవ్వు రాలేదు.

పొద్దున్న సోమలింగం గారు వచ్చారు. ఈయన నూకరత్నం మామ్మ కొడుకు. రెండో తరం, తొంభై రెండేళ్ళు. మామ్మ ఎంత గట్టిగా మాట్లాడుతుందో ఈయన అంత మెత్తన. తలుపు దగ్గరే నిలబడి, "అమ్మ నన్ను తిట్టట్లేదండి," అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నిన్న మధ్యాహ్నం నించీ తిట్టలేదండి. కాఫీలో పంచదార మర్చిపోయినా ఏమన్లేదు. ఒళ్ళు కాలిపోతోంది. వెలుతురు చూడలేకపోతోంది. మెడ వంచమంటే వంచలేదు."

డాక్టర్ గారూ నేనూ పరిగెత్తాం. మామ్మ నన్ను చూసి ఎవరో కమల అని పిలిచింది. డాక్టర్ గారు వెన్నులోంచి నీరు తీశారు. తేటగా ఉండాల్సిన నీరు బియ్యం కడిగిన కుడితిలా ఉంది. మెదడు పొరలకు పట్టిన చీము జ్వరం.

డాక్టర్ గారి తల ఈసారి ఊగలేదు. "సెఫ్‌ట్రయాక్సోన్. రెండేసి గ్రాములు, రోజుకి రెండుసార్లు, పద్నాలుగు రోజులు. వయసుని బట్టి పక్కన యాంపిసిలిన్ కూడా. ఇప్పుడే మొదలెట్టాలి," అన్నారు.

యాంపిసిలిన్ వేరే అలమరలో ఉంది, తెచ్చేశాను. సెఫ్‌ట్రయాక్సోన్ ఉన్నది మూడో సొరుగులో. డాక్టర్ గారి మూడో తరం కడియం పెడితే, ఒంట్లో జబ్బు లేదని తాళం కదల్లేదు. మామ్మ కడియం చూపిస్తే మొదటి సొరుగే తెరుచుకుంది. అందులో ఉన్న మందులు చర్మం మీద ఎంత బాగా పనిచేసినా మెదడు గడప దాటి లోపలికి వెళ్ళలేవు. నాలుగు వేల గొట్టాలు మా వైపు చూస్తూ ఉన్నాయి.

వాసుదేవమూర్తి గారికి కబురు పెట్టాం. ఆయన సోమలింగం గారి మనవడే. అంటే మామ్మకు మునిమనవడు. పరిగెత్తుకొచ్చి, మామ్మ నుదురు మీద చెయ్యి వేసి, ఏడ్చేశారు.

"తీర్మానం రద్దు చేసేయండి," అన్నాను.

"ఒకసారి చేసిన తీర్మానం నలభై రోజుల దాకా కదపకూడదని రూలుందండి. నేనే రాశాను. మాటిమాటికీ మార్చేస్తున్నారని..." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "ముప్పాతిక మంది సంతకాలు పెడితే మాత్రం మార్చొచ్చు."

పదకొండు వందల మంది ఓడలో ఎనిమిది వందల పాతిక సంతకాలు కావాలి. ఆయనే గడప గడపా తిరిగారు. రెండు గంటల తర్వాత రెండు వందల పన్నెండు సంతకాలతో తిరిగొచ్చారు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడడం అంతకు ముందు నేను వినలేదు. "మామ్మగారి మీద జాలేనండి అందరికీ. కానీ రద్దు చేస్తే మా పిల్లల ఐదో సొరుగు పోతుంది కదా అంటున్నారు."

మంచం పక్కన సోమలింగం గారు తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. "మా అమ్మ మూడో తరంలో పుట్టి ఉంటే బతికిపోయేదన్న మాట," అన్నారు తనలో తాను అనుకుంటున్నట్టు.

నేను ఆ మాట పట్టుకున్నాను. జనాభా పట్టికలో తరం ఎలా వస్తుంది? తల్లో తండ్రో ఏ తరమైతే, బిడ్డది దాని తర్వాతి తరం. దత్తత బిడ్డకూ అదే లెక్క. దత్తతకు వయసు అడ్డంకి ఏమైనా ఉందా అని అడిగాను.

వాసుదేవమూర్తి గారు ముక్కు తుడుచుకుని ఆలోచించారు. "లేదండి. ఎవరు ఎవర్నైనా... రెండో తరం మనిషి దత్తత తీసుకుంటే మూడో తరం అవుతారు..." ఆగిపోయారు. ముగ్గురం ఒకేసారి సోమలింగం గారి వైపు తిరిగాం.

"నన్నేం చెయ్యమంటారండి?" అన్నారాయన.

"మీ అమ్మగారిని పెంచుకోవాలండి," అన్నాను.

ఆయన మామ్మ వంక చూశారు. "మా అమ్మకి చెప్పకుండానా? లేచాక చంపేస్తుందండి."

"లేస్తే చాలండి."

వేలిముద్ర వేశారు. పట్టిక యంత్రం చదివింది: తండ్రి సోమలింగం, వయసు తొంభై రెండు. కుమార్తె నూకరత్నం, వయసు నూట పదిహేడు. అభినందనలు. ఆడపిల్ల పుట్టినందుకు ఓడంతటా వినిపించే గంట మూడుసార్లు మోగింది. కింద అంతస్తులో ఎవరో ఈల వేశారు.

కడియం మళ్ళీ చూపించాను. మూడో సొరుగు తెరుచుకుంది. పద్నాలుగు రోజులకు సరిపడా మొత్తం ఒకేసారి లాగేసి, పన్నెండూ పదికి మొదటి మోతాదు ఎక్కించాను.

59వ రోజు

జ్వరం కొంచెం దిగింది. ఇంకా ఎవరినీ గుర్తుపట్టడం లేదు.

పొద్దున్నే ఇంకో గోల. పట్టిక యంత్రం రోజూ ఆరింటికి అందరి తరాలూ సరిచూసుకుంటుంది. మామ్మ మూడో తరం అయింది కదా. మరి సోమలింగం గారు మామ్మ కొడుకు. మూడో తరం మనిషి కొడుకు నాలుగో తరం. నాలుగో తరం సోమలింగం గారి పెంపుడు కూతురు మామ్మ ఐదో తరం. సోమలింగం గారూ, ఆయన తోబుట్టువులూ, వాళ్ళ పిల్లలూ, మనవలూ అందరూ రెండేసి మెట్లు దిగారు. వాసుదేవమూర్తి గారు ఆరో తరం. హిరణ్మయి ఏడో తరం.

బీరువాకు ఆరో సొరుగు లేదు.

యంత్రం దగ్గరికి వెళ్ళి అడిగాను. లెక్కలో తప్పు లేదంది. రేపు ఇంకో రెండు మెట్లు ఉంటాయని కూడా చెప్పింది.

60వ రోజు

మధ్యాహ్నం మందు ఎక్కిస్తుంటే మామ్మ కళ్ళు తెరిచింది. నన్ను "కాంతామణీ" అంది. తర్వాత కొడుకును చూసి, "గడ్డం గీసుకోలేదేంట్రా సన్నాసీ," అంది. సోమలింగం గారు వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పటికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది.

సోమలింగం గారు ఇవాళ ఆరో తరం. వాసుదేవమూర్తి గారు ఎనిమిది.

61వ రోజు

హిరణ్మయికి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. సిజేరియన్ చేయాలన్నారు డాక్టర్ గారు.

కడుపు కోసే ముందు, గంటలోపు, మొదటి తరం సెఫజోలిన్ ఒక మోతాదు ఇవ్వాలి. కోసినచోట చీము పట్టకుండా కాపాడేది అదే. ఈ పనికి అంతకంటే కొత్త మందు తెచ్చినా అంతకంటే బాగా చేయదు. హిరణ్మయి కడియం బీరువాకు చూపించాను. యంత్రం "పదకొండో తరం" అంది, ఏ సొరుగూ కదల్లేదు. మామ్మ కడియం పెట్టి చూశాను. ఆవిడ తొమ్మిదో తరం.

వాసుదేవమూర్తి గారు బీరువాను రెండు చేతులతో పట్టుకుని ఊపారు. "మొదటి తరం మందే ఇవ్వవే తల్లీ! అదే కావాలి నాకు! పాతదే కావాలి!" అని దాన్ని బతిమాలారు.

"సంతకాలు," అన్నాను.

"మొన్న గట్టిగా రెండొందల పన్నెండే కదండీ వచ్చింది!"

"మొన్న వాళ్ళ సొరుగు వాళ్ళకుందండి. ఇవాళ చూడండి."

ఓడలో సగానికి పైగా మామ్మ సంతతే. నిన్నటి నుంచీ వాళ్ళలో ఒక్కరికీ ఏ సొరుగూ తెరుచుకోవడం లేదు. మిగతావాళ్ళు నిన్నటిదాకా నవ్వారు గానీ, ఇవాళ పొద్దున్న వాళ్ళ కోడళ్ళూ అల్లుళ్ళూ మనవలూ తొమ్మిదో పదో తరాల్లోకి వెళ్ళిపోయేసరికి నవ్వు ఆగిపోయింది. వాసుదేవమూర్తి గారు ఓడ మైకు అందుకున్నారు. ఉపన్యాసం లేదు. "నేను చేసింది తప్పు. మా అమ్మాయి ఆపరేషన్ బల్ల మీదుంది. దయచేసి వేలిముద్ర వేయండి," అన్నారు, అంతే.

నేను బీరువా ముందు నిలబడి అంకెలు చూస్తూ ఉన్నాను. మూడు వందలు. ఐదు వందల నలభై. లోపల హిరణ్మయి అరుపు. ఏడు వందల తొంభై దగ్గర అంకె కాసేపు ఆగింది. తలుపు తీసుకుని సోమలింగం గారు వచ్చారు, వెనకాల తోపుడు కుర్చీలో మామ్మ. చేతికి ఇంకా సెలైన్ గొట్టం ఉంది. మామ్మ దారిలో కనిపించిన మూడో తరం బట్టతలలవాళ్ళందరినీ బెదిరించి వెంటబెట్టుకొచ్చింది. "ఎయ్యండ్రా వేలు! పిల్లకి పురుడు పోస్తుంటే మీకు సొరుగులు కావాలా!"

ఎనిమిది వందల ఇరవై ఏడు. తాళం టక్కున ఊడి నా కాలి మీద పడింది. ఐదు సొరుగులూ ఒకేసారి తెరుచుకున్నాయి. కుంటుకుంటూ వెళ్ళి సెఫజోలిన్ ఇచ్చాను. పావుగంట తర్వాత డాక్టర్ గారు కత్తి పట్టుకున్నారు.

ఆడపిల్ల. మూడు కిలోలు. యంత్రం పన్నెండో తరం అని రాసుకుంది. తల్లీ పిల్లా క్షేమం.

66వ రోజు

హిరణ్మయి కుట్లు శుభ్రంగా మానుతున్నాయి. బీరువా మీద కొత్త కాగితం అంటించాను. ఏ జబ్బుకు ఏ సొరుగో అందులో ఉంది, ఎవరి తాత ఎవరో లేదు. వాసుదేవమూర్తి గారు స్వయంగా వచ్చి ఆ కాగితం మొత్తం నిలబడి చదివారు. "నేను నాలుగో తరం సూది వేయించుకున్నది ఎవరికీ చెప్పకండేం," అన్నారు. ఓడంతా చెప్పింది ఆయనే.

ఇక మిగిలింది దత్తత. దాన్ని రద్దు చేస్తే తప్ప యంత్రం లెక్క ఆపదు. మామ్మ ఇవాళ పంతొమ్మిదో తరం. రద్దు కాగితం పట్టుకుని వాసుదేవమూర్తి గారూ నేనూ ఆవిడ గదికి వెళ్ళాం. పద్నాలుగు రోజుల మందులో ఇంకా కొంత ఉంది. మామ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. సోమలింగం గారు చెంచాతో జావ తాగిస్తున్నారు. ఇన్నాళ్ళూ ఆయన ఆవిడకు దత్తత సంగతి చెప్పలేదట. చెప్పాల్సింది మేమే అయింది.

మామ్మ మొత్తం విన్నది. ఒకసారి కొడుకు వంక చూసింది. ఆయన గిన్నె వెనకాల దాక్కున్నంత పని చేశారు.

"వీడికి నేను కూతుర్నా?"

"కాగితం మీదే మామ్మా. ఇక్కడ వేలిముద్ర వేస్తే పోతుంది," అన్నారు వాసుదేవమూర్తి గారు.

మామ్మ కాగితం తీసుకుంది. చదివింది. చాలాసేపు చదివింది, అందులో ఉన్నవి నాలుగు వరసలే.

"ఓడ ఎక్కేనాడు రేవులో మా నాన్నని పిలిచాను. చప్పుడికి ఆయనకి వినబళ్ళేదు," అంది. "ఆ తర్వాత ఎవర్నీ నాన్నా అని పిలవలేదే కాంతామణీ. పిలిచే మనిషి ఎవరున్నారిక్కడ? తొంభై ఏడేళ్ళు."



మామ్మ కాగితం పక్కన పెట్టింది. కొంచెం గొంతు సవరించుకుని, సిగ్గుపడుతున్న మనిషిలాగా, కొడుకు వైపు తిరిగింది.

"నాన్నా," అంది.

సోమలింగం గారి చేతిలో చెంచా ఆగిపోయింది. ఆయన తల్లి ముఖంలోకి చూశారు. జావ గిన్నె కింద పెట్టారు. ముందుకు వంగి, ఆవిడ నుదుటి మీద పడ్డ తెల్ల వెంట్రుకలు వెనక్కి తోశారు.

"ఏంటమ్మా," అన్నారు.